డ్రమ్స్‌కు మనమెంత దూరంలో ఉన్నాం?

సామాను ఇంకా దింపని కొత్త ఇంట్లో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. గోడలన్నీ తిరిగి కొట్టినట్టు గది ఖంగుమంటుంది. నాలుగు రోజులాగి, మంచాలు, పరుపులు, కర్టెన్లు, బట్టల బీరువాలు వచ్చి చేరాక అదే గదిలో మళ్లీ అలాగే కొట్టండి. చప్పుడు చేతుల దగ్గరే ఆగిపోతుంది. చేతులు అవే, దెబ్బ అదే. మారింది గది.

రాక్ సంగీతంలో డ్రమ్స్ ఎలా మోగాలనే విషయం మీద అరవై ఏళ్లుగా నడుస్తున్న వాదమంతా దాదాపు ఈ రెండు చప్పట్ల మధ్యే తిరుగుతోంది. రాక్ వినడం మొదలుపెట్టిన కొత్తలో నా చెవులు గిటార్ వెంటే పరిగెత్తేవి. పాట ఏ కాలానిదో పోల్చుకోవడానికి గిటార్ కన్నా డ్రమ్సే నమ్మకమైన గుర్తు అని చాలా ఆలస్యంగా తెలిసింది. స్నేర్ అనే డ్రమ్ మీద పడిన ఒకటి రెండు దెబ్బలు వింటే చాలు, అది 1966 నాటిదా, 1976 నాటిదా, 1986 నాటిదా అన్నది చాలాసార్లు చెప్పేయొచ్చు. ఎందుకంటే ప్రతి కాలమూ మనల్ని డ్రమ్స్‌కు ఒక్కో దూరంలో నిలబెట్టింది. నా దృష్టిలో రాక్ డ్రమ్స్ చరిత్ర అంటే ఆ దూరాల చరిత్రే.

ముందు డ్రమ్ కిట్‌ను దగ్గరగా చూద్దాం. కాలితో పెడల్ తొక్కితే మోగే పెద్దది కిక్ డ్రమ్. పాటలో ‘ధమ్’ దానిదే. మోకాళ్ల మధ్య ఉండే లోతు తక్కువ డ్రమ్ స్నేర్. దాని అడుగు పొరకు ఆనుకుని సన్నటి ఉక్కు తీగలు బిగించి ఉంటాయి. పైన కర్ర పడగానే లోపలి గాలి అడుగు పొరను నెడుతుంది, ఆ పొర తీగలను గిలకొడుతుంది. ‘ఛట్’ అని చెవికి తగిలే పదును ఆ తీగలదే. ఇవి కాక తీగలు లేని టామ్ డ్రమ్ములు, కంచు పళ్లేల్లాంటి సింబల్స్.

డ్రమ్ మోగినప్పుడు మనకు చేరే చప్పుళ్లు రెండు. ఒకటి నేరుగా వచ్చేది, రెండోది గోడలకూ కప్పుకూ తగిలి తిరిగొచ్చేది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి 30 అడుగులు దాటడానికి దాదాపు 27 మిల్లీసెకన్లు పడుతుంది. రెప్పపాటు కన్నా ఎంతో తక్కువ. అయినా ఇలాంటి తేడాలు చెవికి అందుతాయి. గది ఎంత పెద్దది, కొట్టేవాడు ఎంత దూరంలో ఉన్నాడు అన్నది కళ్లు మూసుకుని చెప్పగలిగేది వీటివల్లే. పెళ్లికి వెళ్లినప్పుడు గేటు దగ్గరుండగానే డోలు హాల్లో మోగుతోందో, బయట పందిట్లో మోగుతోందో తెలిసిపోతుంది కదా, అదీ ఇందుకే. మైకును డ్రమ్‌కు ఆనించి పెడితే నేరుగా వచ్చే చప్పుడే ఎక్కువగా పడుతుంది. దూరంగా పెడితే గది కూడా వచ్చి పడుతుంది. తర్వాత వచ్చిన పరికరాల్లో చాలావాటి పని ఈ రెండిటి పాళ్లు మార్చడమే.

1960ల మొదట్లో ఆ పాళ్లు మార్చే వీలు చాలా తక్కువ. టేపు మీద ఉండేవి రెండో నాలుగో ట్రాకులు, అంటే ధ్వనులను విడివిడిగా ఎక్కించుకునే బాటలు. డ్రమ్స్, బాస్, రిథమ్ గిటార్ ఒకే ట్రాకులోకి పోయేవి. ఒకసారి కలిశాక పాలల్లో నీళ్లే, విడదీయడం కుదరదు. మైకులు కాస్త ఎడంగా ఉండేవి కాబట్టి డ్రమ్స్ పాటగాడి వెనకాల, మర్యాదగా, రెండో వరుసలో వినిపించేవి. గదిని కావాలని వాడుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. లాస్ ఏంజెలిస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో నిర్మాత ఫిల్ స్పెక్టర్ 1963లో ‘బీ మై బేబీ’ రికార్డు చేసినప్పుడు, హాల్ బ్లేన్ కొట్టిన ఆ మొదటి దరువును ఎకో ఛాంబర్‌కు పంపారు. ఎకో ఛాంబర్ అంటే గట్టి గోడలున్న ఒక ఖాళీ గది. అందులో ఒక స్పీకరు, ఒక మైకు ఉంటాయి. స్పీకరులోంచి వచ్చిన చప్పుడు గోడల మధ్య మార్మోగి మైకులోకి చేరుతుంది. సామాను దింపని మన కొత్తిల్లే అది.

అసలు మలుపు లండన్‌లో, ఆబీ రోడ్డులోని ఈఎంఐ స్టూడియోలో వచ్చింది. 1966 ఏప్రిల్ 6న బీటిల్స్ ‘టుమారో నెవర్ నోస్’ రికార్డింగ్ మొదలుపెట్టారు. ఇంజనీరు కుర్చీలో కొత్తగా కూర్చున్న జెఫ్ ఎమెరిక్‌కు అప్పటికి 20 ఏళ్లు. కిక్ డ్రమ్‌కు మైకు మరీ దగ్గరగా పెట్టకూడదని ఆ సంస్థలో నియమం ఉండేది. కిక్ తోసే గాలి తాకిడికి ఖరీదైన మైకు పాడవుతుందని వాళ్ల భయం. ఎమెరిక్ ఆ నియమాన్ని పక్కన పెట్టి మైకును కొన్ని అంగుళాల దూరానికి జరిపాడు. డ్రమ్ లోపల ఒక ఉన్ని స్వెటర్ కుక్కాడు. బీటిల్స్ ఫొటోల కోసం నాలుగు మెడలతో అల్లిన స్వెటర్ అది. అలా వచ్చిన చప్పుడును ఫెయిర్‌చైల్డ్ 660 అనే లిమిటర్ గుండా పంపాడు.

స్వెటర్ చేసిన పని మనకు కొత్తేమీ కాదు. మృదంగం ఎడమవైపు మూతకు తడి రవ్వముద్ద అద్దుతారు. ఆ బరువుకు చర్మం నెమ్మదిగా ఊగి, నాదం కిందికి దిగి, గుంభనంగా మోగుతుంది. డప్పు కళాకారులు వాయించే ముందు మంట దగ్గర డప్పును వెచ్చబెడతారు. చర్మంలో తేమ పోయి బిగుసుకుంటుంది, చప్పుడు ‘టంగు’మని పైకి లేస్తుంది. తోలు వాయిద్యాలతో బతికిన వాళ్లందరికీ తెలిసిన విద్యే ఇది: చర్మాన్ని ఎంత బిగించాలి, దాని ఊపును ఎక్కడ ఆపాలి. ఎమెరిక్ స్వెటర్ కిక్ డ్రమ్ మోతను మధ్యలోనే ఆపేసింది. ‘ధూమ్‌మ్‌మ్’ అని సాగేది ‘ధబ్’ అని కురచయింది. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ గదికి ఆ చివరన లేడిక, మన గుండె మీద కొడుతున్నాడు.

ఇక లిమిటర్. ఇది కంప్రెసర్ అనే పరికరానికి కాస్త కఠినమైన అన్న. ధ్వని ఒక గీత దాటితే దాన్ని కిందికి తొక్కడం ఈ రెండిటి పని. ఇంతవరకూ తేలికే. దీని అసలు ఫలితం మాత్రం వేరే చోట కనిపిస్తుంది. డ్రమ్స్‌లో దెబ్బ పెద్దది, దాని వెనకాల వచ్చే మోగుడు చిన్నది. ఆ దెబ్బను తొక్కి మొత్తం ధ్వనిని పైకి లేపితే, ఇందాక చెవికి ఆనని మోగుడు, సింబల్ తోక, గది ఊపిరి అన్నీ పైకి తేలతాయి. తొక్కిన పట్టు వదిలే వేగాన్ని సరిగ్గా కుదిరిస్తే, దెబ్బకూ దెబ్బకూ మధ్య ధ్వని ఉబ్బి మళ్లీ కుంగుతుంది. ‘టుమారో నెవర్ నోస్’లో సింబల్స్ రొప్పుతున్నట్టు వినిపించడానికి కారణం ఇదే. రాక్ డ్రమ్స్‌ను తయారు చేసిన యంత్రం ఏదని ఎవరైనా అడిగితే నేను కంప్రెసర్ పేరే చెబుతాను.

అయిదేళ్లు తిరక్కుండానే ఇంకొకరు సరిగ్గా ఎదురు దారి పట్టారు. ఇంగ్లండ్‌లోని హ్యాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం ఉంది. 1795లో పేదల కోసం కట్టిన వసతి గృహమది. లెడ్ జెప్లిన్ తమ నాలుగో ఆల్బమ్ కోసం అక్కడికి వెళ్లి, రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో వ్యానును బయట నిలబెట్టుకున్నారు. ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ పాట కోసం డ్రమ్మర్ జాన్ బోనమ్ కిట్‌ను మెట్ల కింద హాల్లో పెట్టారు. ఇంజనీరు ఆండీ జాన్స్ రెండే రెండు బేయర్ ఎం160 మైకులను పై అంతస్తు మెట్ల దగ్గర నుంచి వేలాడదీశాడు. కిక్‌కు విడిగా మైకు లేదు. ఆ రెండు మైకుల ధ్వనిని కంప్రెసర్లతో గట్టిగా నొక్కి, బిన్సన్ ఎకోరెక్ అనే ఎకో యంత్రం గుండా పంపారు. ప్రతి దెబ్బ వెనకా మెత్తగా ఇంకో దెబ్బ నీడలా పడుతుంది. టేపును కూడా కాస్త నెమ్మదిగా తిప్పారు, దాంతో అన్నీ మరింత బరువెక్కాయి.

ఇంత దూరంలో మైకు పెడితే చప్పుడు పలచబడాలి, కానీ పలచబడలేదు. దానికి మొదటి కారణం బోనమే. 26 అంగుళాల కిక్ డ్రమ్ వాడేవాడు, లోపల గుడ్డలూ దిళ్లూ కుక్కకుండా పొరలను బిగించి నిండుగా మోగనిచ్చేవాడు. ఇంకో సంగతి, చేతుల బలాబలాలు సరిచూసుకుని వాయించేవాడు: సింబల్ మీద చెయ్యి అదుపులో ఉండేది, కిక్ మీద కాలు పూర్తి బలంతో పడేది. అంటే మిక్సింగ్, ధ్వనుల పాళ్లు కుదర్చడం, సగం అతని ఒంట్లోనే జరిగిపోయేది. మిగతా సగం మెట్లు చూసుకున్నాయి. ఆ పాట వింటుంటే డ్రమ్స్‌తో పాటు ఇల్లు మోగడం వినిపిస్తుంది. ఆ పాట మొదట్లో వచ్చే దరువును తర్వాతి కాలంలో ఎందరో తమ పాటల్లోకి కత్తిరించి పెట్టుకున్నారు. 1986లో బీస్టీ బాయ్స్ తమ తొలి ఆల్బమ్‌ను దానితోనే మొదలుపెట్టారు.

1970ల మధ్యకు వచ్చేసరికి గాలి మారింది. 16, ఆపైన 24 ట్రాకులు చేతికొచ్చాయి. ఒక్కో డ్రమ్‌కు ఒక్కో మైకు పెట్టి, ఒక్కోదాన్ని విడిగా ఎక్కించి తగ్గించే వీలు దొరికింది. అలా విడదీయాలంటే పక్క డ్రమ్ చప్పుడు ఈ మైకులోకి రాకూడదు, గది అసలే రాకూడదు. అందుకని గోడలకు కార్పెట్లు, డ్రమ్ముల మీద తువ్వాళ్లు, టేపు ముక్కలు. టామ్‌ల అడుగు పొరలు ఊడదీసి లోపల మైకు దూర్చిన వాళ్లూ ఉన్నారు. పరుపులు, బీరువాలు నిండిన గదన్నమాట. ఫ్లీట్‌వుడ్ మాక్ 1977 ఆల్బమ్ ‘రూమర్స్’ వినండి. స్నేర్ అట్టపెట్టె మీద తట్టినట్టు పొడిగా, మన ముంజేతికి తగిలేంత దగ్గరగా ఉంటుంది. ఆ చప్పుడును జీవం లేనిదని తీసిపారేసేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. విడిపోతున్న జంటలు ఒకరి మొహం మీద ఒకరు పాడుకున్న పాటలవి. అక్కడ గుడి మండపమంత గది పెడితే ఆ గుసగుస నిలవదు.

ఇక్కడే 1979 లండన్‌కు వద్దాం. షెపర్డ్స్ బుష్‌లో టౌన్‌హౌస్ అనే స్టూడియో, అందులో రాతి గోడల గది. గాయకుడు పీటర్ గాబ్రియెల్ మూడో ఆల్బమ్ పని జరుగుతోంది. నిర్మాత స్టీవ్ లిలీవైట్, ఇంజనీరు హ్యూ ప్యాడ్జమ్. డ్రమ్స్ దగ్గర ఫిల్ కాలిన్స్. ఈ ఆల్బమ్‌లో సింబల్స్ వద్దని గాబ్రియెల్ ముందే పట్టుబట్టాడు. అక్కడి మిక్సింగ్ కన్సోల్, అంటే మైకుల ధ్వనులన్నీ వచ్చి చేరే మీటల బల్ల, అప్పటికి కొత్తగా వచ్చిన ఎస్ఎస్ఎల్ కంపెనీది. అద్దం అవతల వాయించేవాళ్లు మాట్లాడితే ఇంజనీరుకు వినపడాలి కదా, అందుకని గది కప్పు నుంచి ఒక మైకు వేలాడేది. గదిలో ఒక మూలన ఎవరైనా గొణిగినా వినపడాలి, పక్కనే ఎవరైనా అరిచినా ఇంజనీరు చెవులు పగలకూడదు. అందుకని ఆ లైనుకు మహా కఠినమైన కంప్రెసర్ తగిలించారు. రికార్డింగ్‌కు దానితో పనే లేదు, అది కేవలం మాటల కోసం.

కాలిన్స్ వాయిస్తుండగా ప్యాడ్జమ్ ఆ మైకు మీట నొక్కాడు. స్పీకర్లలోంచి డ్రమ్స్ విరుచుకుపడ్డాయి. కంప్రెసర్ దెబ్బను తొక్కేసి రాతిగది మోతను మొత్తం పైకి లాగేసింది. దెబ్బ ఆగగానే ఆ ధ్వని ఠక్కున తెగిపోయింది. రికార్డు చేద్దామంటే ఆ లైను టేపు దాకా వెళ్లే దారే లేదు. స్టూడియో సాంకేతిక సిబ్బంది కన్సోల్ విప్పి వైర్లు మార్చి దారి వేశారు. ఆ కన్సోల్‌లో ఇంకో సౌకర్యం కూడా ఉంది, ప్రతి ఛానల్‌కూ ఒక నాయిస్ గేట్. గేట్ అంటే పేరుకు తగ్గట్టు తలుపే. ధ్వని ఒక స్థాయికి పైన ఉన్నంతసేపు తెరుచుకుని ఉంటుంది, అంతకు దిగిందంటే మూసుకుంటుంది. మామూలుగా చిన్నాచితకా రొదను ఆపడానికి వాడతారు. ఇక్కడ దాన్ని గది మోత మీదే వాడారు. మోత ఇంకా నిండుగా ఉండగానే తలుపు మూసేశారు.

గేటెడ్ రివర్బ్ అని పేరుపడ్డ ఈ పద్ధతి దూరం లెక్కనే తారుమారు చేసింది. పెద్ద గది అంటే పెద్ద మోత, మోత సాగుతుంది, మెల్లగా చల్లారుతుంది. ప్రకృతిలో జరిగేది అది. ఇక్కడ గుడి మండపంలో కొట్టిన దెబ్బ మోగుతూ మోగుతూ ఉండగానే ఎవరో మండపాన్ని మాయం చేసినట్టుంటుంది. దూరమూ దగ్గరా ఒకే దెబ్బలో ఉన్నాయి. ఇలాంటి గది లోకంలో ఎక్కడా లేదు. మోత తెగిపోయాక మిగిలే నిశ్శబ్దమే దీని అసలు బలం. తర్వాతి దెబ్బ శుభ్రమైన నేల మీద పడుతుంది, గొంతుకూ సింథసైజర్‌కూ చోటు మిగులుతుంది. సింబల్స్ వద్దన్న గాబ్రియెల్ పట్టుదల ఎంత కలిసొచ్చిందో కూడా గమనించాలి. సింబల్ సెకన్ల తరబడి ఈలలా సాగుతుంది, అది మోగుతుంటే గేట్ సరిగ్గా మూసుకోదు. సింబల్ లేదు కాబట్టే తలుపు అంత కచ్చితంగా పడింది. 1980లో వచ్చిన ఆ ఆల్బమ్ మొదటి పాట ‘ఇంట్రూడర్’లో మొదట వినిపించేది ఈ చప్పుడే. 1981లో కాలిన్స్ సొంత పాట ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ దాన్ని లోకమంతా తీసుకెళ్లింది. మూడున్నర నిమిషాలకు పైగా రోలాండ్ సీఆర్-78 డ్రమ్ మెషీన్ టిక్కుటిక్కుమంటూ నడుస్తుంది. అప్పుడు ఒక్కసారిగా ఆ టామ్‌లు దొర్లుకుంటూ వస్తాయి.

దాని తర్వాత కథ త్వరగా నడిచింది. రాతి గది అక్కర్లేకుండా ఆ ప్రభావాన్ని ఒక్క మీటతో ఇచ్చే డిజిటల్ యంత్రం, ఏఎంఎస్ ఆర్‌ఎంఎక్స్16, 1980ల తొలి ఏళ్లలోనే వచ్చేసింది. దశాబ్దం సగం గడిచేసరికి సన్నటి ప్రేమపాటలో కూడా స్నేర్ ఫిరంగిలా పేలడం మొదలైంది. మరోపక్క లిన్ ఎల్ఎం-1 అనే డ్రమ్ మెషీన్, 1980లో, నిజమైన డ్రమ్స్‌ను డిజిటల్‌గా దాచుకుని మీట నొక్కితే వాయించింది. డెఫ్ లెపర్డ్ డ్రమ్మర్ రిక్ అలెన్ 1984 చివరి రోజున కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. ఎడమ కాలితో తొక్కే పెడల్స్ అమర్చిన ఎలక్ట్రానిక్ కిట్ మీద మళ్లీ నేర్చుకుని వేదికెక్కాడు. ఆ మనిషి పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. డ్రమ్ అంటే తోలూ కర్రా మాత్రమే కాదు, దాచిపెట్టుకున్న చప్పుడును పిలిచే మీట కూడా అన్న ఆలోచన రాక్‌లో స్థిరపడింది ఆ రోజుల్లోనే.

మిక్సింగ్ నిర్ణయం ఒక్కటే ఒక ఆల్బమ్ స్వభావాన్ని ఎలా మారుస్తుందో చూడాలంటే మెటాలికా 1988 ఆల్బమ్ ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ వినాలి. కిక్ డ్రమ్‌కు అడుగున బరువూ ఉంది, పైన టైపు మిషన్ కొట్టినట్టు ‘టిక్’మనే పదునూ ఉంది. బాస్ గిటార్ మాత్రం దాదాపు వినపడదు. కిక్‌దీ బాస్‌దీ ఒకే అడుగు అంతస్తు. రెండూ ఒకే బెంచీ మీద కూర్చునేవి, ఎవరో ఒకరు జరిగితే గానీ ఇంకొకరికి చోటు ఉండదు. బాస్‌ను తగ్గించమని డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ కోరాడని మిక్స్ చేసిన స్టీవ్ థాంప్సన్ తర్వాత బహిరంగంగానే చెప్పాడు. ఎముకల గూడులా ఎండిపోయిన ఆ చప్పుడు ఆ పాటల కోపానికి నప్పుతుందనే వాళ్లున్నారు. జేసన్ న్యూస్టెడ్ కష్టపడి వాయించిన బాస్ అక్కడెక్కడో సమాధి అయిపోయింది, నాకది మనసుకు పట్టదు. 2003 ‘సెయింట్ ఆంగర్’లో అదే డ్రమ్మర్ స్నేర్ కింది తీగలను వదులు చేసి వాయించాడు. ‘ఛట్’ పోయి రేకుడబ్బాలాంటి ‘టాంగ్’ మిగిలింది. ఆ తీగలు ఏం చేస్తాయో ఇంతకన్నా బాగా చెప్పే పాఠం లేదు.

నిర్వాణా రెండు ఆల్బమ్‌లను పక్కపక్కన పెట్టి వినడం ఇంకా బాగుంటుంది. డ్రమ్మర్ ఒక్కడే, డేవ్ గ్రోల్. 1991 ‘నెవర్‌మైండ్’ డ్రమ్స్‌ను నిర్మాత బుచ్ విగ్ లాస్ ఏంజెలిస్ సౌండ్ సిటీలోని పెద్ద గదిలో రికార్డు చేశాడు. మిక్స్ చేసిన ఆండీ వాలెస్ అసలు డ్రమ్స్ కింద శాంపిల్స్, అంటే ముందే దాచి ఉంచిన డ్రమ్ దెబ్బలు, కలిపి ప్రతి దెబ్బకూ ఒకేలాంటి కండ పట్టించాడు. రేడియోలో ఏ పాట పక్కన వేసినా నిలబడుతుంది. 1993 ‘ఇన్ యుటెరో’ కోసం మిన్నెసోటాలోని పాకిడర్మ్ స్టూడియోకు వెళ్లి ఇంజనీరు స్టీవ్ ఆల్బీనీకి అప్పగించారు. తనను ప్లంబర్‌లా చూసి చేసిన పనికి కూలి ఇవ్వండి చాలు, రాయల్టీ వద్దని ఆయన ముందే ఉత్తరం రాశాడు. గదిలో దగ్గరా దూరమూ చాలా మైకులు పెట్టి, గ్రోల్ ఎలా కొట్టాడో అలాగే పట్టాడు. ఒక దెబ్బ ఇంకో దెబ్బలా ఉండదు. స్నేర్ మీద కర్ర పడటం, ఆ గాలి గోడను తాకి తిరిగి రావడం, మధ్యలో ఆ చిన్న ఖాళీ అన్నీ వినిపిస్తాయి. మొదటిదాన్ని నేను ఎక్కువసార్లు విన్నాను, రెండోదాన్నే ఎక్కువగా నమ్ముతాను.

ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చి డ్రమ్స్‌ను గళ్లనోటు పుస్తకంలో పెట్టేశాయి. 2000ల తర్వాత ఏ దెబ్బ వెంట్రుకవాసి ముందుకో వెనక్కో పడినా లాగి గడిలో కూర్చోబెట్టడం, మెత్తగా పడ్డ దెబ్బ స్థానంలో గట్టిగా పడ్డ దెబ్బను అతికించడం మామూలైపోయింది. దానికి తోడు సీడీలు ఒకదాన్ని మించి ఒకటి గట్టిగా మోగాలనే పోటీ. డిజిటల్ ధ్వనికి ఒక కప్పు ఉంటుంది, దాని పైకి పోవడం అసాధ్యం. అన్నీ కప్పుకు ఆనేలా పెంచితే అన్నిటికన్నా ఎత్తుగా లేచేదే ముందు తల కోల్పోతుంది. పాటలో అలా లేచేది స్నేర్. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు అభిమానులు గోల పెట్టింది ఇందుకే. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో అంత నొక్కుడు లేకుండా, డ్రమ్స్ తలెత్తుకుని వినిపించాయి. సీడీలో మాత్రం ఎటు చూసినా ఒకే దూరం, అన్నీ మొహానికి అంగుళం ఎడంలో. ఇప్పుడు స్ట్రీమింగ్ సేవలు పాటలన్నిటినీ దాదాపు ఒకే స్థాయికి దించి వినిపిస్తున్నాయి కాబట్టి, అంతలా నొక్కినందువల్ల వచ్చే లాభం చాలావరకు పోయింది.

లెడ్ జెప్లిన్ మూడో ఆల్బమ్‌లో ‘సిన్స్ ఐవ్ బీన్ లవింగ్ యూ’ అనే నెమ్మదైన బ్లూస్ పాట ఉంది, 1970 నాటిది. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గిటార్ తగ్గిన చోట్ల కింద ఏం వినిపిస్తుందో వినండి. కీచు... కీచు... బోనమ్ కిక్ పెడల్ అది. నూనె వేయని తలుపు బందులా ప్రతి తొక్కుకూ కీచుమంటుంది. విన్నప్పుడల్లా అది ఇంకా పెద్దగా వినిపిస్తుందని గిటారిస్టు, నిర్మాత జిమ్మీ పేజ్ ఆ తర్వాత వాపోయాడు. ఈ రోజు స్టూడియోలో అయితే రెండు నిమిషాల్లో తుడిచేస్తారు. నేను మాత్రం ఆ పాట పెట్టుకునేది చాలాసార్లు ఆ కీచుమనే చప్పుడు కోసమే. అది వినపడాలంటే బోనమ్ కుడికాలి పక్కన, నేల మీద కూర్చుని ఉండాలి.